చర్చిలో పోయిన పిడికిళ్ల బియ్యం

మధ్యాహ్నం రెండు గంటలకు గట్టయ్య సిరోంచలోని డిటెక్టివ్ ఆదయ్య గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. జింగనూర్ దారిలోని ఒక పల్లె చర్చికి ఇరవై ఏళ్లుగా అతనే కాపలా.

"చర్చిల బియ్యం బస్తా పోయింది సారూ. నేనే ఎత్తుకపోయిన్నని పాస్టరు అయ్యగారు ఆదివారం అందరి ముందట చెప్పిండు. పనిలకెల్లి తీసేసిండ్రు. అది పోనీ, నా మనుమరాలిని బడిల దొంగ మనుమరాలంటున్నరు. పిల్ల బడికి పోనని ఏడుస్తుంది."

ఆదయ్య కళ్లు నులుముకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన పట్టిన దొంగల్లో సగంమంది ఆకలిగొన్నవాళ్లే. పట్టుకున్న ప్రతిసారీ సంతోషం బదులు నీరసమే వచ్చేది. అయినా లేచి చెప్పులేసుకున్నాడు. సహాయకుడు ఉమేష్ బండి తీశాడు. సారు బయల్దేరితే కేసు తేలినట్టేనని అతని నమ్మకం.

ఆ చర్చి సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికని పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి చర్చి గదిలోని బస్తాలో పోస్తారు. బస్తా ఉన్నచోట రాలిన గింజల్ని ఆదయ్య అరచేతిలోకి తీసుకున్నాడు. దొడ్డువి, సన్నవి, కొత్తవి, పాతవి అన్నీ కలిసి ఉన్నాయి. గది తాళం పగల్లేదు. తాళంచెవులు మూడు: గట్టయ్య దగ్గర ఒకటి, సంఘపెద్ద భీమ్‌రావు దగ్గర ఒకటి, పాస్టరు రాజ్‌కుమార్ ఇంట్లో ఒకటి.

"ఈ బియ్యం ఏం జేస్తరు?" అని అడిగాడు ఆదయ్య.

"వేలం వేసి గంట గోపురానికి పెడ్తున్నం," అన్నాడు భీమ్‌రావు. "ఆర్నెల్ల సంది కానుకలన్నీ దానికే."

"మరి అయ్యగారి జీతం?"

"గోపురం అయినంక ఇస్తం. దేవుని సేవకుడు గదా, ఓర్చుకుంటడు."

పక్కవాడి ఓర్పు గురించి కడుపు నిండినవాళ్లు ఎంత సులువుగా మాట్లాడతారో!

మర్నాడు ఆయన ఏదో ఒక సాకుతో మూడిళ్లలోనూ అన్నం తిన్నాడు. సారు ఇంత తిండి తినడం ఉమేష్ ఎన్నడూ చూడలేదు. గట్టయ్య ఇంట్లో రేషన్ దొడ్డు బియ్యం. భీమ్‌రావు ఇంట్లో సన్నబియ్యం. పాస్టరు ఇంట్లో మాత్రం కొన్ని మెతుకులు చిమిడిపోయాయి, కొన్ని పలుకుగా ఉన్నాయి. వడ్డించిన పాస్టరమ్మ జ్యోత్స్న తలెత్తలేదు.

సాయంత్రం అందర్నీ చర్చిలో కూర్చోబెట్టాడు. పిడికెడు బియ్యం తీయడం ఆ ఊళ్లో మొదలుపెట్టిన ముసలి పోశమ్మనూ పిలిపించాడు.

"చిమిడిన మెతుకు, ఉడకని మెతుకు ఒక్క కుండల ఉన్నయంటే ఆ బియ్యం ఒక్క తీరుది కాదు," అన్నాడు ఆదయ్య అలసటగా. "గసొంటిది దుకాణంల దొరకదు. ఇరవై ఇండ్ల పిడికిళ్లు కలిస్తేనే అయితది. ఇయ్యాల నేను తిన్న ఇండ్లల్ల ఒక్క ఇంట్లనే గట్లున్నది."

ఆయన పేరు చెప్పకముందే జ్యోత్స్న లేచింది.

"నేనే తీసిన. మూడు రోజులు గంజితోనే ఉన్నం. ఎవరో విశ్వాసులు ఇచ్చిండ్రని ఈయనకు చెప్పిన. గట్టయ్య మీదికి వస్తదనుకోలే. వచ్చినంక చెప్దామంటే నోరు రాలే."

రాజ్‌కుమార్ ముఖం పాలిపోయింది. ఆ అన్నమే తిని, ఆ బియ్యం దొంగిలించినవాణ్ణి శపిస్తూ ప్రసంగం చేశాడు. సిగ్గుతో తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

పోశమ్మ భీమ్‌రావు వైపు తిరిగింది. "సంఘంల ఏ ఇంట్ల పొయ్యి ఆరొద్దని తీసిన బియ్యం బిడ్డా అది. గోపురం అన్నం తింటదా?"

"రేపే జీతం ఇస్తం," అన్నాడు భీమ్‌రావు నేల చూస్తూ.

కేసు తేలిందని ఉమేష్ పొంగిపోయాడు. ఆదయ్య మాత్రం గట్టయ్యనే చూస్తున్నాడు.

"బియ్యం పోతే పోయినయ్ పాస్టరమ్మా," అన్నాడు గట్టయ్య. "ఒక్క మాట అంటే నేనే మోసుకొచ్చి మీ ఇంట్ల దించుదును. ఇప్పుడు నా పిల్ల బడికెట్ల పోవాలె?"



తెల్లవారి జ్యోత్స్న గట్టయ్య ఇంటికి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. బడిదాకా నడిపించి, ప్రార్థనకు వరుసగా నిలబడ్డ పిల్లల ముందు ఆగింది. అందరికీ వినబడేలా గట్టిగా చెప్పింది.

"ఈ పిల్ల తాత దొంగ కాదు. దొంగను నేను."