చెయ్యి ఆనించే చోటు

ఆ రోజుల్లో కొండమీది వ్యూపాయింట్‌కి బస్సు లేదు, నూట అరవై మెట్లు ఎక్కాల్సిందే. అతను పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వారం రోజులు ఆ మెట్లెక్కాడు. అతని పని రాళ్లమీద అక్షరాలు చెక్కడం. యుద్ధకాలంలో ఎదుటి కొండమీద విమానం కూలి చనిపోయిన ఇరవై రెండేళ్ల పైలట్ స్మారకశిల పైన ఉంది. చెరిగిపోయిన అక్షరాలను మళ్లీ లోతు చెయ్యమని మునిసిపాలిటీవాళ్లు అతనికి అప్పగించారు.

అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పనిలో పనిగా, రాయి పై అంచున అరచేతి వెడల్పున ఉన్న గుంటను కూడా అరగదీసి చదును చేశాడు. ఎవరూ అడగలేదు. మంచి పనివాడికుండే జబ్బది.

ఆదివారం సాయంత్రం ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మను చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తీసుకొచ్చింది. ముసలావిడకు చూపు ఆనదు. రాయి అంచంతా తడిమి, తడిమి, ఆగిపోయింది.

"ఇది మా తమ్ముడి రాయి కాదే. ఎక్కడికి తెచ్చావు నన్ను?"

"అదే నాయనమ్మా."

"కాదు. నా చెయ్యి పట్టే చోటు లేదిక్కడ."

అరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం అక్కడే చెయ్యి ఆనించి తమ్ముడికి ఇంటి కబుర్లు చెబుతోందావిడ. గుంట అలా పడింది. అమ్మాయి ఆ సంగతి చెబితే, పక్కనే పనిముట్లు సర్దుకుంటున్న అతను చదును చేసింది తనేనని ఒప్పుకున్నాడు.

"ఎవరు చదును చెయ్యమన్నారండీ?" అంది అమ్మాయి.

"ఎవరూ అనలేదండీ. రాయి పాడైందనుకున్నా."

"రాళ్ల డాక్టరన్నమాట. జబ్బు లేనివాళ్లకి కూడా ఆపరేషన్ చేసేస్తారా?"

ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. మరుసటి ఆదివారం అతను పొద్దుపోయేదాకా మెట్లవైపే చూశాడు. రాలేదు.

ఆ అమ్మాయి బస్టాండు పక్కన మందుల షాపులో పనిచేస్తుందని తెలిశాక అతనికి తలనొప్పులు మొదలయ్యాయి.

"నాలుగు రోజుల్లో ఇది మూడో షీటు. మింగుతున్నారా, రాయికి పూస్తున్నారా?"

"మామ్మగారెలా ఉన్నారు?"

ఆమె గొంతు తగ్గింది. "అన్నం సరిగ్గా తినట్లేదు. తమ్ముడితో మాటలు తెగిపోయాయంటోంది."

"గుంట మళ్లీ చెక్కుతానండీ. ఆవిడ చెయ్యి కొలత కావాలి."

ఆమె మందుల కవరుమీద నాయనమ్మ చెయ్యి చుట్టూ గీసి తెచ్చింది. అతను ఆ కొలతకు, అలాంటి ఇసుకరాతి ముక్కమీదే గుంట చెక్కి ఇంటికి పట్టుకెళ్లాడు. ఆవిడ తడిమి పక్కన పెట్టేసింది. రెండోది లోతంది. మూడోది మరీ నునుపంది. నాలుగోదాన్ని వానలో తడుస్తూ తెచ్చాడు. అది తుడవడానికని ఇద్దరూ వరండాలో గంటసేపు కూర్చున్నారు. రాయి తుడవడానికి గంటెందుకని లోపల్నుంచి ఆవిడే అడిగింది.

"రేపు నన్ను పైకి తీసుకెళ్లండి" అంది తర్వాత.

మర్నాడు అతను రాయి దగ్గర ఉలి తీశాడు.

"అది లోపల పెట్టు, రాళ్లబ్బాయ్. చెక్కింది నాకొద్దు. అరగాలి."

"అరగాలంటే అరవై ఏళ్లు పడుతుంది మామ్మగారూ."

"నాకంత టైము లేదు. మీ ఇద్దరికీ ఉంది."

మనవరాలి చెయ్యి వెతికి రాయిమీద పెట్టింది. దానిమీద అతని చెయ్యి పెట్టింది. పైన తనది వేసి, "ఒరేయ్ తమ్ముడూ, పెళ్లి కబురొకటి ఉందిరా" అని మొదలుపెట్టింది.

అతను భయంభయంగా పక్కకు చూశాడు. "మీరేమంటారు?"

"ఇక షాపుకి రాకండి" అంది ఆమె, చెయ్యి తియ్యకుండా. "ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడండి."

పన్నెండేళ్లయింది. ఇప్పుడు నాయనమ్మ లేదు. వాళ్లిద్దరూ మాత్రం ఏ ఆదివారమూ మానలేదు. మొన్న అతను స్టీలు స్కేలు తెచ్చి రాయి అంచుమీద పొడవునా ఆనించి, కిందికి వంగి చూశాడు.

"ఏమైనా అరిగిందా?" అందామె.

"నువ్వే చూడు."

ఆమె వంగింది. స్కేలుకీ రాయికీ మధ్య, అరచెయ్యంత మేర, సన్నగా వెలుతురు కనిపించింది.