మూడు నిమిషాలకు వంద చుట్లు

“మా నాయనమ్మది మగగొంతు చేసిపెట్టారు! ఇదేనండీ మీ రిపేరు?”

నాయనమ్మ పాడిన పాత రికార్డు రెండు పంక్తులైనా పూర్తికాకముందే లెక్కల మాస్టారు ప్లేయర్ ముల్లు పైకి లేపేశాడు. వానలో తడిసి వచ్చిన మనిషి, కోపంలో తల తుడుచుకోవడం కూడా మరిచాడు.

మెకానిక్ తల ఎత్తలేదు. మరో రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, మెత్తని బ్రష్‌ను గాడుల వెంబడి గుండ్రంగా తిప్పుతోంది. తండ్రి దగ్గర నేర్చిన ఆ పనిని ఎవరి కోసమూ మధ్యలో ఆపే అలవాటు ఆమెకు లేదు.

“మీ మెషిన్‌లో ప్లేటును తిప్పే పుల్లీ వేరే మెషిన్‌ది, ఉండాల్సిన దానికన్నా లావు. దాంతో ప్లేటు వేగంగా తిరుగుతుంది. అందుకే మార్చాను. ఇన్నాళ్ళూ మీరు విన్నది పరుగెత్తే పాట.”

“నేను పుట్టినప్పట్నుంచీ విన్న గొంతండీ అది! పాతదే పెట్టేయండి.”

“పెడతాను. కానీ తప్పుగా తిరిగే మెషిన్ మీద నా సంతకం ఉండదు.”

బాగుచేసిన ప్రతి మెషిన్ అడుగుచెక్క మీదా, సొంతదారు విని సరేనన్నాక, పెన్సిల్‌తో పేరు రాయడం ఆ షాపు ఆనవాయితీ. తండ్రి నాటి నుంచీ ఒక్క మెషినూ సంతకం లేకుండా గడప దాటలేదు.

“నన్ను నమ్మకండి మాస్టారూ. లెక్కపెట్టండి. మూడు నిమిషాలకు వంద చుట్లు రావాలి.”

ఆమె ప్లేటు అంచున కాగితం ముక్క అంటించి, దగ్గరగా వంగి ల్యాంపు పట్టుకుంది. అతను గడియారం చూస్తూ మొదలుపెట్టాడు.

“నలభై ఆరు, నలభై ఏడు... తర్వాత?”

“మీరు బళ్ళో చెప్పేది లెక్కలేనా?”

“లెక్కలు బాగానే వచ్చండీ. వెలుతురే కాస్త అడ్డొస్తోంది.”

ఆమె ల్యాంపును మాత్రం దూరంగా జరిపింది. తాను జరగలేదు.

రెండోసారి సరిగ్గా వంద. పాత పుల్లీ పెట్టి చూస్తే నూట ఇరవై.

“లెక్క ఒప్పుకున్నాను,” అన్నాడతను, తగ్గిన గొంతుతో. “గొంతు సంగతి మాత్రం నాయనమ్మే తేల్చాలి.”

మర్నాడు నాయనమ్మ షాపు గుమ్మంలోనే మొండికేసింది. “ఆ కీచుగొంతు నాకు వినిపించకురా. అది విన్న రోజే పాట మానేశాను.”

కొత్త పుల్లీతో ప్లేటు తిరిగింది. మొదటి పంక్తికి ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. రెండో పంక్తికి పెదవులు కదిలాయి. మూడో పంక్తిని, అరవై ఏళ్ళ తర్వాత, రికార్డుతో కలిసి పాడింది.

“ఇది నేనేరా!” అంది తల నిటారుగా ఎత్తి. “మెషిన్ తప్పును ఇన్నేళ్ళూ నా నెత్తిన వేసుకున్నాను. ఎంత బాగా పాడానో చూశావా?”

మాస్టారు మెకానిక్ వైపు తిరిగాడు. “నేను ఓడిపోయానండీ. ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.”

మెకానిక్ మెషిన్‌ను బోర్లా తిప్పి పెన్సిల్ తీసింది. తేదీ వేసి, తన పేరు ఎన్నడూ రాయనంత పెద్ద అక్షరాలతో రాసింది.

“అమ్మాయ్, పక్కన వీడి పేరుకూ కాస్త చోటుంచు,” అంది నాయనమ్మ. “మనవడు నిన్నట్నుంచీ ఇంట్లో మూడు నిమిషాల లెక్కే చెబుతున్నాడు. నలభై ఏడు దగ్గర ఆగి, వాడిలో వాడే నవ్వుకుంటున్నాడు.”

మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్ పెన్సిల్ అతని చేతికిచ్చింది.