వద్దు అనడం రాని నీలవేణి

“ఈ మాట నేనెప్పుడు చెప్పినాను?”

రెబెకా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పెట్టడమంటే మామూలుగా కాదు. నా టీ గ్లాసు తొణికింది.

తిరుపతిలో, అలిపిరి రోడ్డు దగ్గర ఒక మేడ మీద గదిలో నేనూ ప్రేమానందం అన్నా కలిసి వీడియో గేము తయారు చేస్తున్నాం. అందులో ఆడేవాడు అడవిలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోతాడు. దారి చూపించే పిల్ల నీలవేణి. ఆమెతో ఏం మాట్లాడాలో తెర మీద మూడు మాటలు వస్తాయి. ఆడేవాడు ఒకటి నొక్కాలి. దాన్ని బట్టి నీలవేణి నవ్వుతుంది, అలుగుతుంది, కథ మలుపు తిరుగుతుంది.

నీలవేణి గొంతు రెబెకాది. చిత్తూరు చర్చిలో ఆమె బైబిలు వాక్యం చదువుతుంటే విని, నేనే వెంటపడి ఒప్పించాను. అక్కడే బడిలో తెలుగు చెప్తుంది. ప్రతి శనివారం బస్సెక్కి వచ్చి, గోడలకు దుప్పట్లు కట్టిన మా చిన్న గదిలో కూర్చుని నీలవేణి మాటలు చెప్పి వెళ్తుంది. ఏడు నెలలుగా నేను శనివారాల కోసమే బతుకుతున్నానని ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఒకసారి ఆడి చూడమని గేము ఆమె చేతికి ఇచ్చాను. నా సొంత సీను తీసెయ్యడం మరిచిపోయాను.

ఆ సీను ఎవరికీ చూపించేది కాదు. ఆమెను పెళ్లి మాట అడిగే ధైర్యం చాలక ప్రాక్టీసు కోసం రాసుకున్నది. ఆడేవాడి పేరు జోయల్, అంటే నేనే. తెర మీద మూడు మాటలు: ‘నన్ను పెండ్లి చేసుకుంటావా?’, ‘మీ నాయనతో మాట్లాడమంటావా?’, ‘ఏం లేదులే, టీ తాగుదామా?’ ఏది నొక్కినా రెబెకా గొంతు ఒకటే చెప్తుంది: “నువ్వంటే నాకు ఇష్టమే.”

ఆమె ఎన్నడూ అనని మాట అది. పాత రికార్డింగుల్లో ముక్కలు కత్తిరించి నేనే అతికించాను.

“‘నువ్వంటే నాకు’ అనేది యాడిది?”

“నువ్వంటే నాకు భయం లేదని దొంగతో చెప్తావే, ఆ సీనుది.”

“మరి ‘ఇష్టమే’?”

“సంగటి తినే సీను...”

ప్రేమానందం అన్నకు నవ్వొచ్చింది. రెబెకా ముఖం చూసి మింగేశాడు. “టీ చెప్పొస్తానప్పా” అని మెట్లు దిగిపోయాడు. బల్ల మీద మూడు టీలు అప్పటికే ఉన్నాయి.

“సంగటి మింద ఇష్టాన్ని తీసి నీ మింద పెట్టుకున్నావా, జోయల్?”

“ఊరికే, ప్రాక్టీసుకు...”

“టీ తాగుదామా అన్నా ఇష్టమే అంటాండాదే ఆ గొంతు! ఏది నొక్కినా అదే జవాబైతే ఇంక నన్ను అడిగేదెందుకు?”

బల్ల మీద తొణికిన టీని చేత్తో తుడిచాను.

“నమ్మి గొంతిచ్చినాను. నేను లేనప్పుడు నాతో నీకు కావాల్సింది చెప్పిచ్చుకున్నావు. ఎన్నిసార్లు విన్నావు?”

“చానా సార్లు.”

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. “సోమవారం డబ్బు పెట్టే మద్రాసోళ్లకు గేము చూపిస్తారు గదా. నా గొంతు తీసెయ్యండి.”

గేము పోతుందన్న బాధ నాకు నిజంగా కలగలేదు. వచ్చే శనివారం ఆమె రాదు. ఆ తర్వాతి శనివారమూ రాదు. అది తట్టుకోలేకపోయాను.

“ఒక్క నిమిషం నిలబడు. నీ ఎదురుగానే తీసేస్తాను.”

సీను చెరిపేశాను. అతికించిన మాట చెరిపేశాను.

“ఇంకా యాడన్నా ఉండాదా?”

“ఫోన్లో.”

“తియ్.”

తీశాను. వాన మొదలైంది. మెట్ల మీది రేకుల కప్పు దడదడలాడుతోంది. ఆమె వాకిట్లో నిలబడి వాననూ నన్నూ ఒకే కోపంతో చూసింది.

“నీలవేణి సీన్లన్నీ తెరువు. ఒక్కదాంట్లో అన్నా వద్దంటుందా ఆ పిల్ల?”

ఒక్కొక్కటే వెతికాను. అలుగుతుంది, ఆలస్యం చేస్తుంది, చివరికి ఒప్పుకుంటుంది. అన్నీ నేను రాసినవే. ఒక్క ‘వద్దు’ కూడా లేదు. తల ఎత్తడానికి సిగ్గేసింది.

“మైకు పెట్టు. నేను పొయ్యేలోగా ఆ పిల్లకు ఇదన్నా ఇచ్చి పోతాను.”

ఆమె దుప్పట్ల గదిలో కూర్చుంది. నేను తలుపు దగ్గర హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.

“వద్దు.” కోపంగా.

“వద్దబ్బా!” నవ్వుతూ.

“వద్దని చెప్పినా గదా.” విసుగ్గా.

అన్నీ నీలవేణి మాటలే. అయినా ప్రతిదీ నా పేరు మీదే వచ్చినట్టుంది. సౌండు సరిచేస్తూ పోయాను. చివరి మాటకు ఆమె మైకు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“నాకు ఇష్టం లేదు.”

ఎంత మెత్తగా అందో! బాగుందని నేను చెయ్యెత్తాలి. ఎత్తలేకపోయాను.

“సరిగా వచ్చిందా?”

“వచ్చింది.”

“ఈ మాట నేను చెప్పేదానికి వీలుంటేనే గదా, ఇంకో మాట చెప్తే నువ్వు నమ్మేది?”

తల ఊపాను.

“ఏం సూస్తాండావు? నన్ను నువ్వింతవరకూ అడగనే లేదు. ఆ కంప్యూటర్నే అడిగినావు.”

హెడ్‌ఫోన్లు తీసేశాను. ఎదురుగా తెర లేదు, ఎంచుకోవడానికి మూడు మాటలు లేవు.

“రెబెకా... నన్ను పెండ్లి చేసుకుంటావా? వద్దంటే వద్దు. శనివారాలు మాత్రం మానుకోవద్దు. కాదు కాదు, అది కూడా నువ్వనుకున్నట్టే.”

ఆమె ఏం చెప్తుందో నాకు తెలియకపోవడం అదే మొదటిసారి. ఇంత భయం నేనెప్పుడూ పడలేదు.

“ముందు ఆ రికార్డింగు ఆపు,” అంది. “ఇది గేములో పెట్టేది గాదు.”

ఆపాను.

అప్పుడు చెప్పింది. ఏ మాటలతో చెప్పిందో ఇక్కడ రాయను, అవి ఆమెవి. వచ్చే ఆదివారం చిత్తూరు చర్చిలో, పెళ్లికి ముందు మూడు వారాలు చదివే మా పెళ్లి ప్రకటన మొదటిసారి చదువుతారు.