యజమానురాలు ఉన్న చోటికి

అరబ్బు దేశంలో, అహ్మది అనే ఊళ్ళో మా ఆఫీసు ఒక దర్జీ కొట్టు మీద ఉంటుంది. కింద కుట్టు మిషన్ల చప్పుడు, పైన ఏసీ రొద. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ ఒప్పందాలను మా కంపెనీ బ్లాక్‌చైన్‌లో పెడుతుంది. అందులో ఒకసారి రాసింది ఇక ఎవరూ చెరపలేరు. ఆ ఒప్పందాలను నడిపేది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. దానికి కళ్ళు లేవు, లోకజ్ఞానం అసలే లేదు. అందుకని చేతికి కొన్ని టూల్స్ ఇస్తాం. ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో నాలుగు ముక్కల్లో రాసిపెట్టేది నేను. నా పేరు మద్దిలేటి. నేను రాసిందే దానికి వేదం.

నా వివరణలు క్లుప్తంగా ఉంటాయని నాకు కొంచెం గర్వం కూడా. సంతకం టూల్‌కు ఇలా రాశాను: "యజమానురాలిని అడిగి సంతకం తెస్తుంది. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది." కారు టూల్‌కు ఇలా: "యజమానురాలు పిలిస్తే పనిమనిషిని ఆమె ఉన్న చోటికి చేరుస్తుంది." పక్క సీట్లో కూర్చుని వీటిని పరీక్షించే అనీసాది మా కడప వైపే. "ఎప్పుడు వాడగూడదో కూడా రాయన్నా" అని పోరేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది పాపం.

మా చెల్లెలు వెంకటేశ్వరి ఎగైలా అనే పేటలో ఒక ముసలి యజమానురాలి ఇంట్లో పనిచేసేది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. రోజూ మా చెల్లెలు పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తితే తప్ప ఆ మామాకు నిద్ర పట్టేది కాదు. ఆ మామా పోయింది. ఇక మా చెల్లెలు రాజంపేటకు, అమ్మ కోసం కలవరిస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలి. దానికి కావలసింది ఒక్క విడుదల సంతకం. మామా కొడుకు పెడతానన్నాడు. ఖననం అయిన మర్నాడే ఏజెంటుకు పని అప్పగించాను, వెంకటేశ్వరిని విడుదల చేయించమని.

ఒప్పందంలో ఇంకా మామా పేరే ఉంది. ఆమె పోయిన సంగతి ఏజెంటుకు ఎవరూ చెప్పలేదు. కొడుకును అడుగుతుందిలే అనుకున్నాను. అది మామానే అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది. పగలనక రాత్రనక, పేరు పెట్టి, ఆగకుండా అడుగుతూనే ఉంది. నేను అలాగే రాశాను కదా. పోయినవాళ్ళను పేరు పెట్టి పదే పదే పిలవకూడదని మా అవ్వ అనేది. ఆ మాట నాకు ఆ రోజు దాకా గుర్తే రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం దుమ్ము లేచింది. కబ్ద్ ఎడారి వైపు నుంచి ఇటుక రంగు గోడలాగా వచ్చి మీద పడింది. కాసేపటికి కిటికీలో ఎదురు మేడ కనిపించకుండా పోయింది. పట్టపగలే లైట్లు వేసుకున్నాం. కింద మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఏసీలోంచి మట్టి వాసన, దాని వెనక ఇంకేదో వాసన... కర్పూరం.

"ఎవరన్నా కర్పూరం ఎలిగిచ్చినారా?" అంటూ అనీసా తెర వైపు తిరిగింది. "అన్నా... జవాబు వొచ్చింది."

"కొడుకు పెట్టినాడా?"

"కాదన్నా. ఆయమ్మ. ఏలిముద్ర ఆయమ్మదే."

కొడుక్కు ఫోన్ చేశాను. తల్లి ఫోన్ స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేశానన్నాడు. ఆ ఫోన్ ఆమె వేలికి తప్ప తెరుచుకోదు. వేలిముద్ర పక్కన అరబ్బీలో చిన్న చిన్న మాటలు ఉన్నాయి.

విడుదల లేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయి. పనిపిల్లను పంపు.

ఏజెంటు బుద్ధిగా కారు టూల్ అందుకుంది.

"ఆపన్నా!" అంది అనీసా. రద్దు చేయబోయాను, కాలేదు. రాసింది చెరగదు. గబగబా టూల్ వివరణ మార్చాను: యజమానురాలు బతికి ఉంటేనే వాడాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఏజెంటు దాన్ని చదివింది. నిదానంగా బదులు వచ్చింది.

"పరిశీలించాను. ఆమె జవాబిస్తోంది. కాబట్టి బతికే ఉంది."

చెల్లెలికి ఫోన్ కలిసింది.

"యాడుండావు ఈశ్వరీ?"

"కార్లో అన్నా. మీ ఆఫీసోళ్ళు పంపినారంట. నీ కాడికే అనుకోని ఎక్కినా." గుసగుసగా మాట్లాడుతోంది. "బయట ఏమీ కనపడ్డంల్యా. డ్రైవర్‌ను అడిగితే పలకడంల్యా..."

"దిగు! ఆపించి దిగు!"

"తలుపు రావడంల్యా అన్నా. కర్పూరం వాసన... మామా శవాన్ని కడిగినంక వొచ్చిన వాసనే..."

అద్దాల మీద ఇసుక రాలుతున్న చప్పుడు. చెల్లెలి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత అది కూడా ఆగింది.

"అన్నా... నా వొళ్ళో ఎవరో కాళ్ళు పెట్టినారు."

"ఈశ్వరీ!"

"సల్లగా ఉండాయి..."

ఫోన్ కట్ అయింది.

దుమ్ము అణిగాక పోలీసులు వెతికారు. అలాంటి కారు ఎవరూ పంపలేదన్నారు. మామా సమాధి దగ్గర చూడమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వెళ్ళి చూశారు. ఇసుక చెదరలేదు, అడుగుజాడ లేదు అన్నారు. ఈశ్వరి కూతురు ఫోన్ చేసి, అమ్మ ఎప్పుడొస్తుంది మామయ్యా అని అడుగుతుంది. ఏం చెప్పను? ఏడుపు ఆపుకోలేక పెట్టేస్తాను. రెండు టూల్స్‌నూ నా చేతులతోనే పీకేశాను. అయినా రోజూ పొద్దుగుంకే వేళ మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపించగానే ఒప్పందంలో హాజరు పడుతుంది. వేలిముద్ర మా చెల్లెలిదే. పనిలో ఉంది అని ఉంటుంది.

నిన్న మళ్ళీ దుమ్ము లేచింది. అనీసా తెర నా వైపు తిప్పింది. టూల్స్ చివర కొత్తది ఒకటి కనిపించింది. నేను రాసింది కాదు, కానీ మాటల తీరు నాదే.

"అన్నను చెల్లెలు ఉన్న చోటికి చేరుస్తుంది. అతను పలికేదాకా పిలుస్తూనే ఉంటుంది."

దాని కింద, ఎప్పుడు వాడకూడదో రాయాల్సిన చోట ఏమీ లేదు.

అప్పటి నుంచి నా ఫోన్ మోగుతోంది. స్విచాఫ్ చేసి, సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇంకా మోగుతూనే ఉంది...