జెండా తాడు వదలని దొర

పిల్లలూ, నీలరేవు రాజ్యానికి సముద్రమే అన్నం పెట్టేది. ఆ సముద్రానికే పీడ పట్టుకుంది.

ఊరి చివర ఇసుకతిప్ప మీద ఫ్రెంచివాళ్ళు కట్టిన కోట ఒకటి ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని గెలిచారు. మళ్ళీ ఫ్రెంచివాళ్ళు గెలిచారు. అలా కొట్టుకుని కొట్టుకుని చివరికి అందరూ ఓడలెక్కి పోయారు. అప్పుడు మేలుకుంది కోట! పట్టపగలే పొగమంచు కమ్మి పడవల్ని లాక్కునేది. చిక్కినవాళ్ళు గోడ మీద రాతి సిపాయిలై నిలబడేవారు. కత్తి దూసి వెళ్ళిన యువరాజు కూడా రాయైపోయాడు.

ఒకనాడు జాలరిపిల్ల గున్నమ్మ వాళ్ళ అన్న ఎర్రయ్య కూడా పొగమంచుకు చిక్కి, రాయై ఆ గోడెక్కాడు. గున్నమ్మ ఏడ్చింది. ఏడుపు కోపంగా మారాక కోటవైపు నడిచింది. వెంట వచ్చిన పల్లె జనమూ రాజుగారూ పొగమంచు అంచున ఆగిపోయారు.

దారిలో ఒక ముసలి తాబేలు తలెత్తింది.

"ఎక్కడికే పిల్లా?"

"మా అన్న కోసం తాతా."

"జెండాకర్ర కూలితేనే మంత్రం వీడుతుంది. 'నేనొచ్చేదాకా వదలకు' అని పైదొర ఒక దొర చేతికి జెండా తాడిచ్చి ఓడెక్కాడు. మళ్ళీ రాలేదు. ఆ తాడు లాక్కోబోయిన యువరాజేమయ్యాడో చూశావుగా!"

కోట లోపల చప్పుడే లేదు. రాతి కళ్ళన్నీ గున్నమ్మవైపు తిరిగాయి. వాటిలో ఎర్రయ్య కళ్ళూ ఉన్నాయి. జెండాకర్ర కింద ఎముకల చేతులతో తాడు పట్టుకుని దొర నిలబడి ఉన్నాడు.

పెద్దవల లాగేటప్పుడు అలసినవాడి చేతిలో తాడు ఎవరూ లాక్కోరు. పక్కన చేరి తామూ పట్టుకుని, 'నేను పట్టుకున్నాను, నువ్వు వదులు' అని చెబుతారు. గున్నమ్మకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"నానట్టుకున్నాను దొరా, నువ్వొగ్గీ!"

దొర వేళ్ళు మెల్లగా విడిపోయాయి. కానీ గున్నమ్మ పాదాలు రాయి కాసాగాయి. ఆమె తాడు కొసను గోడ బయటికి విసిరి గొంతు చించుకుని అరిచింది: "ఐలేసా!"

వల లాగే కేక వినబడితే జాలరి ఆగలేడు. జనం భయం మరచి మంచులోకి దూకారు. రాజుగారు కూడా తలపాగా విసిరేసి వాళ్ళ వెనకే తాడు పట్టారు. "ఐలేసా!" జెండాకర్ర ఫెళ్ళున కూలింది. గున్నమ్మ పాదాలు మళ్ళీ కదిలాయి, రాతి సిపాయిలంతా ఊపిరి పీల్చుకున్నారు. ఎర్రయ్య గోడ దిగి చెల్లెల్ని పొదివి పట్టుకున్నాడు.

దొర ఇంకా అక్కడే ఉన్నాడు.

"యుద్ధం ఎవరు గెలిచారు?" అని అడిగాడు.

ఎవరికీ గుర్తులేదు.

"అయిపోనాది దొరా. ఇంటికెల్లిపో," అంది గున్నమ్మ.

దొర చిన్నపిల్లవాడిలా ఏడ్చి మంచుతోపాటు కరిగిపోయాడు. యువరాజు తండ్రిని చేరాడు. రాజుగారు రేవు పాలనంతా గున్నమ్మకే అప్పగించారు. ఆమె బతికినంతకాలం ఆ తిప్ప మీద ఎవరినీ కోట కట్టనివ్వలేదు. ఆ ఇసుకలో జాలర్లు చేపలు ఎండబెట్టుకున్నారు.