మూడు దగ్గుల మోటారు

"పైన దలాల్ మోటారు వేస్తే మన పైపులోకి చుక్క రాదు అత్తయ్యా! నీళ్లొచ్చేది వారానికొక్క రోజు. మీ అమ్మాయికి మీరే చెప్పండి."

"ఒంటరి పిల్ల, పట్టుకోనివ్వమ్మా! అయినా దాని మోటారు మూడుసార్లు దగ్గితేగానీ అందుకోదు. ఆలోపు నువ్వు వేసుకోలేకపోయావా?"

అమ్మాన్ నగరంలో ఆ ఇంట ప్రతి మంగళవారం ఉండే తగువే. కోడలు రుదైనా మాట పెంచలేదు. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమె, ఆడపడుచు దలాల్ ఒకే ఆఫీసులో గుమాస్తాలు. నిజానికి ఇద్దరూ సీక్రెట్ ఏజెంట్లు.

ఫోన్ మోగింది. చీఫ్.

"నిన్నటి నుంచి మన ఏజెంట్ తైసీర్ కనిపించడం లేదు. అకాబాలో క్షేమమని అతని ఫోన్ నుంచి మెసేజ్. కోడ్ వర్డ్ లేదు. విదేశీ ముఠా పట్టుకుంది. మధ్యాహ్నంలోగా సరిహద్దు దాటిస్తారు. దాటితే శవం కూడా దొరకదు."

"లొకేషన్?"

"ఆపేశారు. మైకూ ఆపేశారు. అడుగులు లెక్కపెట్టే యాప్‌ని మరిచిపోయారు. దాని సెన్సర్ డేటా పంపాను, చూడు."

ఫోన్‌లోని బారోమీటర్ గాలి ఒత్తిడి తొమ్మిది వందల పది మిల్లీబార్లు అంటోంది. సముద్రపు ఒడ్డునున్న అకాబాలో అది వెయ్యి దాటాలి. ఎత్తుకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఈ అంకె అమ్మాన్ కొండలది.

కింద యాక్సిలరోమీటర్ గీత. కదలికను పట్టే ఆ చిప్‌కి, ఫోన్ నేలమీద ఉంటే నేల వణుకూ తెలుస్తుంది. తొమ్మిదీ పదికి గీత మూడుసార్లు ఎగిరిపడింది. ఆ తర్వాత సన్నటి వణుకు, ఆగకుండా.

వంటింట్లో కుళాయి ఆగిపోయిందీ తొమ్మిదీ పదికే.

రుదైనాకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

"మా పై వాటాలోనే ఉన్నాడు. మనుషుల్ని పంపండి," అంది. చేతులు తుడుచుకుని బియ్యం డబ్బాలోంచి పిస్టల్ తీసింది.

మెట్లమీద ఇద్దరు మనుషులు చుట్టిన కార్పెట్ మోసుకొస్తున్నారు. వెనకే దలాల్. ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులు, ఘుమఘుమలాడే సెంటు. వీధిలో వ్యాన్ ఇంజన్ ఆన్‌లోనే ఉంది.

"ఎక్కడికే?"

"కార్పెట్ ఉతికించడానికి, వదినా."

"నీళ్లొచ్చిన రోజు కార్పెట్ బయటికి పంపే ఆడదాన్ని ఈ ఊళ్లో నిన్నే చూశాను."

దలాల్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. రుదైనా పిస్టల్ అప్పటికే ఆమె నుదుటికి ఎదురుగా ఉంది. మనుషులు కార్పెట్ వదిలేశారు. లోపల్నుంచి తైసీర్ మూలుగు వినిపించింది. వీధి గుమ్మంలో చీఫ్ మనుషుల బూట్ల చప్పుడు.

"వదినా," దలాల్ గొంతు తగ్గించింది. "అమ్మకి చెప్పకు."

మధ్యాహ్నం అందరూ అన్నం, మాంసం పేర్చిన మన్సఫ్ పళ్లెం చుట్టూ కూర్చున్నారు.

"దలాల్ ఏదీ?" అంది అత్తగారు.

రుదైనా అన్నంమీద పెరుగు పులుసు పోస్తూ, అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పింది. "ఆఫీసు పనిమీద వెళ్లింది. చాలాకాలం రాదు. ఇకమీదట మంగళవారాలు మోటారు ముందు మనమే వేసుకుందాం."