నల్లదర్వాజ దేవిడిల మైకు పెట్టిన రాత్రి

శాలిబండ దాటి ఫలక్‌నుమా దిక్కు పోతుంటె, ఎడమచేతి గల్లీల ఒక దేవిడి ఉండె. నవాబుల కాలం నాటి పెద్ద ఇల్లు. ముందట ఏనుగు పట్టే దర్వాజ, లోపట పెద్ద వాకిలి, సుట్టూత కమాన్లు, లావు లావు స్తంభాలు. మాలికులు తాళమేసి ఎటో పోయిండ్రు. కొన్నాళ్లకు ఆ తాళం గూడ ఎవడో పీక్కపోయిండు. ఇగ మిగిలింది నల్ల దర్వాజ, గబ్బిలాలు... ఇంకొకామె.

గామె పేరు ఎవ్వరికి తెల్వది. "ఆమె" అనెటోల్లం, అంతే.

పొద్దు గూకినంక గా దర్వాజ ముందటికెళ్లి ఎవ్వరు పోరు. పోతె వెనకకెళ్లి పిలుస్తదంట. ఒకసారి పలికినవా — జరం. మళ్ల పలికినవా — మంచం. మూడోసారి పలికెటందుకు నువ్వుండవు. జట్కా తోలే రాజన్న ఒకనాడు పలికి, వారం దినాలు గొంగడి కప్పుకోని వణికిండు. గా రాత్రి ఆయన కడుపుల ఎంత సేంది కల్లు పడ్డదో మాత్రం ఎవ్వరు అడగలే. దయ్యం ముచ్చట నడుస్తుంటె గసొంటి మాటలు అడగొద్దు, మజా పోతది.

నేను చెప్పేది మైకుసెట్ మొగులయ్య నోటికెళ్లి ఇన్నది. మొగులయ్య అబద్ధమాడడని గాదు, మస్తు ఆడుతడు. గని గీ ఒక్క ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఒక్కతీరుగనే చెప్పిండు. అబద్ధమైతె ఒక్కసారన్న పెరుగుతుండె గద! గందుకే నమ్మిన.

యాభై నాలుగో, యాభై ఐదో... గప్పటి ముచ్చట.

మా గల్లీ రామాలయంల, శ్రీరామనవమి ముందటి రాత్రి సీతాకల్యాణం హరికథ అంటె వామన్‌రావు పంతులుదే. ఆయన నాయిన కాలం సంది గంతే. కాళ్లకు గజ్జెలు గట్టి, చేతిల చిడతలు వట్టి నిలవడ్డడంటె — ఆయన గొంతుకు నయాపూల్ మీద ఎడ్లు బెదిరెటియని మా నాయిన చెప్తుండె. నేనెరిగే నాటికి ఎడ్ల సంగతేమో గని, మొదటి వరుసలోల్లు తుంపిర్లకు బెదిరి రుమాలు అడ్డం పెట్టుకునేటోల్లు.

ఏడాదికేడాది జనం పెరిగిండ్రు. పంతులు గొంతు తరిగింది. ఆఖరు వరుసకు ఇనవడాల్నని నరాలు బిగవట్టి అరిచి అరిచి, గొంతు పచ్చి పుండైంది. హకీం సాబ్ నోట్ల దీపం చూపెట్టి, తల అడ్డంగ ఊపిండంట.

"పంతులు సాబ్... ఇంకొక్క రాత్రి గిట్ల చిల్లాయిస్తివా — బస్, ఖతం. ఇగ సైగలతోటే బతుకు."

మరి మైకు పెట్టుకోవచ్చు గదా అంటరు. గదే లొల్లి.

మొగులయ్య అప్పుడే మైకుసెట్ తెచ్చిండు. ఇనుప కర్ర మీద మైకు, ఒక రేకు బూర, నడుమ ఒక డబ్బా. డబ్బాల గాజు బుడ్లుంటయి, అవి ఎర్రగ కాగినంకనే గొంతు లేస్తది. కరెంటు లేని జాగల మోటరు బ్యాటరీ మీద నడిపెటోడు. గది వచ్చినకాడ్నించి బస్తీల పెండ్లికొడుకు తుమ్మినా మూడు గల్లీలకు ఎర్కయ్యేది.

గుడి కమిటీ పెద్ద విఠల్‌రావు సర్కారు కచేరీల పనిజేస్తడు, టోపీ తీయకుండ స్నానం జేస్తడని పేరు. ఆయన తేల్చి చెప్పిండు. "ఈ ఏడు మైకు పెట్టుడు పక్కా. పంతులు మైకు ముందట పాడకుంటె ఫికర్ లేదు. సికింద్రాబాద్ దిక్కు సీతారాం అని ఒక పిల్లగాడున్నడు, మైకు ముందట పిల్లి లెక్క మెత్తగ చెప్తడు. ఆయనను పిలుస్తం."

ఇగ పంతులేమో, అంతకుముందే పత్తర్‌గట్టిల బట్టల దుకాణం కాడ నలుగురి ముందట ఎగిరిండు. "రేకు డబ్బాల మూతివెట్టి రాముని కథ చెప్పాల్నా? గా పని జేస్తె నా గజ్జెలు తీస్కపోయి మూసీల పారేస్త!"

చూడుండ్రి ఆయన గతి! మైకు వట్టకుంటె గొంతు పోతది. వడితె మానం పోతది. రెండిట్ల ఏదీ తేల్చుకోకుంటె నాయిన ఇచ్చిన కథ సీతారాం పాలైతది. పంతులుకు అన్నం సయించలే. భార్య రమాబాయి వేన్నీళ్లల్ల ఉప్పేసి ఇస్తె పుక్కిలించుడు, గోడ దిక్కు తిరిగి పండుకునుడు. ఆమె ఏదో అంటనే ఉండేది. ఆయన ఊ అని గూడ అనకపోయేది.

ఒకనాడు పొద్దు గూకినంక మొగులయ్య ఇంటి వెనక తలుపు చప్పుడైంది. తీస్తె పంతులు, ముసుగేసుకోని.

"మొగులయ్యా... మైకు ముందట ఎట్ల నిలవడాల్నో నేర్పు. గని ఎవ్వరు చూడొద్దు. ఎవ్వరు ఇనొద్దు."

"ఏంది పంతులూ, మైకున్నదే ఇనెటందుకు గద!"

"గందుకే అంటున్న... ఎవ్వరు రాని జాగ చూడు."

ఎవ్వరు రాని జాగ గా బస్తీల ఒక్కటే ఉండె.

ఉగాది ముందటి చీకటి రాత్రులు. బండి మీద సెట్టు వేసుకోని, మీద గడ్డి కప్పి, ఇద్దరు దొంగల లెక్క దేవిడిలకు జొచ్చిండ్రు. స్తంభం పక్కన మైకు నిలవెట్టిండ్రు. బూరను అవతలి కమాను కింద వెట్టి, చప్పుడు గల్లీలకు పోకుండ మూతిల గోనెసంచి కుక్కిండ్రు. ఒక కందిలి. దాని వత్తి గూడ తగ్గించిండ్రు.

తీగ కలిపిండు మొగులయ్య. డబ్బాల బుడ్లు మెల్లగ ఎర్రబడ్డయి...

కూఁయ్‌య్‌య్ — అని ఒక్క కూత!

ఇద్దరు ఒకర్నొకరు గట్టిగ అలుముకున్నరు.

"ఏం... ఏం గాదు పంతులు. బూర మాట మైకు ఇన్నది, మైకు మాట బూర ఇన్నది. గిట్ల ఎదురెదురు వెడితె కొట్లాడ్తయి." బూరను జరంత పక్కకు తిప్పిండు. కూత ఆగింది. గని అలుముకున్నది ఇడవనీకి జర సేపు వట్టింది.

మొదటి రాత్రులు గబ్బిలాలు తప్ప ఎవ్వరు ఇనలే. మైకు నేర్సుడు పంతులుతోటి అయితలేదు. జన్మంత అరిచిన మనిషి! ఆడుకుంట పాడుకుంట నాలుగడుగులు ముందుకు, ఆరడుగులు వెనకకు. మైకు కాడికొస్తె కందిరీగల తుట్టె కాడికొచ్చినట్టు బెదిరి దూరం జరుగుతడు, దూరం జరిగి మళ్ల అరుస్తడు.

"పంతులూ, దానికి పెద్ద గొంతుతోటి పనిలేదు. మూతి దగ్గర వెట్టి మెల్లగ చెప్తె అదే పెద్దగ జేస్తది. ముద్దువెట్టేటంత దగ్గరికి రావాలె!"

"ఛీ! కథ చెప్పేకాడ ఏం మాటలురా!"

నవమి దగ్గర వడ్డది. పంతులు గొంతు ఇంకింత పాడైంది. ఆ రాత్రి మొగులయ్యకు గూడ ఆశ తప్పింది.

వాకిలి ఆ కొసకు నిలవడి, కండ్లు మూసుకోని, పంతులు కల్యాణ ఘట్టం ఎత్తుకున్నడు. రామునికి సీతనిచ్చిండు. లక్ష్మణునికి ఊర్మిళనిచ్చిండు. భరతునికి మాండవినిచ్చే సరికి... గొంతు జీరవోయింది, దమ్ము అయిపోయింది, రొమ్ము ఎగిరెగిరి పడుతున్నది. గభాల్న చిడతలు కొట్టి "మంగళం" పాడేసిండు.



అప్పుడు... బూరలకెళ్లి —

"అగో... మళ్ల మింగిండు."

ఆడగొంతు.

మొగులయ్య పంతులు దిక్కు చూసిండు. పంతులు మొగులయ్య దిక్కు చూసిండు. దేవిడి మొత్తం గా గొంతే నిండింది, నాలుగు కమాన్లకెళ్లి ఒక్కసారే వచ్చినట్టు.

"పంతులు... మీరేనా?"

"నేను... నేను మొగోన్ని గదరా..."

బూర మళ్ల పలికింది. మెల్లగ, చెవుల నోరువెట్టి చెప్పినట్టు.

"ప్రతి ఏడు గిదే కథ... శత్రుఘ్నుని పెండ్లి జెయ్యడు. నలుగురొస్తె ముగ్గురికే జేసి, గాయిన్ని ఉత్త చేతులతోటి అయోధ్యకు తోలుతడు..."

మొగులయ్య వేళ్లు మడిచిండు. రాముడు... లక్ష్మణుడు... భరతుడు... చిటికెన ఏలు అట్లనే నిలవడ్డది.

"పంతులు... దయ్యం చెప్పింది నిజమే."

"దయ్యానికి... దయ్యానికి రామాయణమేందిరా!"

ఝల్లుఝల్లున గాజుల సప్పుడు. మామూలు గాజులా? ఇత్తడి బిందెలు మెట్ల మీదికెళ్లి దొర్లినట్టు! దానెనక ఒక నిట్టూర్పు... బూర మూతిలున్న గోనెసంచి అదిరింది.

పంతులుకు ఉన్న దైవాలల్ల ఆంజనేయుడే యాదికొచ్చిండు. కండ్లు గట్టిగ మూసి దండకం అందుకున్నడు. భయానికి నడుమ ఒక ముక్క ఎగిరిపోయింది.

"దండకం గూడ సక్కగ రాదు," అన్నది బూర.

ఇగ మొగులయ్యతోటి గాలే. సెట్టు పోతె పోనీ, పానముంటె చాలు! ఒక్క దుంకు దుంకిండు. కాలికి తీగ సుట్టుకున్నది. బోర్ల వడ్డడు. బ్యాటరీకున్న తీగ ఫట్టున ఊడింది. డబ్బాల ఎర్రబుడ్లు మెల్లగ ఆరిపోయినయి... బూర సచ్చింది.

గొంతు సావలే.

"...గిట్ల పాడ్తె సీతారాంకే ఇస్తరు కథ. గొంతు పోతది, కథ గూడ పోతది. నేనేం జేసేది రామా..."

గని ఇప్పుడది దేవిడి నిండలే. చిన్నగ, సన్నగ, ఏడుపు ఆపుకుంటున్నట్టు... మైకు పక్కనున్న స్తంభం సాటుకెళ్లి వచ్చింది.

పంతులు కండ్లు తెరిచిండు. గా గొంతు ఆయనకు ఎర్కనే. తెల్లారితె నీళ్లు కాగినయని చెప్పే గొంతు.

"ఏమే... నువ్వా?"

స్తంభం సాటుకెళ్లి రమాబాయి వచ్చింది. నెత్తి మీద కొంగు, చేతిల పప్పుగుత్తి. పప్పుగుత్తి ఎందుకంటరా? రాత్రయితె మొగడు వెనక తలుపుకెళ్లి జారుకుంటుండు, అడిగితె చెప్పడు. ఎవతె కొంపకు పోతుండో చూద్దామని ఎంట వచ్చింది. చూస్తె సవతి లేదు, సౌండుసెట్టున్నది. ఇగ పంతులు పాడుతుంటె, తప్పు రాంగనే, ఇంట్ల తలుపు సాటున గొణుక్కున్నట్టే ఈడ గూడ గొణిగింది. పక్కన మైకున్నదని ఆమెకేం ఎర్క! కమాన్ల కింద గొంతు గట్లనే మోగుతదేమో అనుకున్నది. దూరంకెళ్లి అరిచిన మొగాయన్ను ఇడిసివెట్టి, దగ్గర గొణిగిన ఆడామెను వట్టుకున్నది మైకు.

"అమ్మా," అన్నడు మొగులయ్య, కింద వడ్డకాడ్నించే. "గీ దేవిడిలకు రానీకి దయ్యం భయం కాలేదా?"

"సవతి భయం ముందట దయ్యం భయమెంత మొగులయ్యా."

తర్వాత ఏమైందో ముందుగాల్నే చెప్పేస్త, మీ పానం కొట్టుకోవద్దు. నవమి ముందటి రాత్రి పంతులు మైకు కాడికి వచ్చి, మూతి దగ్గర వెట్టి, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పిండు కథ. ఆఖరు వరుసల కూసున్న ముసలోల్లకు గూడ ఆయన ఊపిరి తీసేది ఇనవడ్డది. అరిచే పని లేకపోయే సరికి దమ్ము మిగిలింది. దమ్ము మిగిలితె శత్రుఘ్నునికి శ్రుతకీర్తినిచ్చి పెండ్లి జేసిండు. విఠల్‌రావు పక్కాయనతోటి అన్నడంట, "పంతులు ఈ ఏడు కొత్త పెండ్లి కలిపిండేందివయా!" సీతారాంను ఎవ్వరు పిలవలే. గొంతు నిలిచింది, కథ నిలిచింది. గజ్జెల ఒట్టు సంగతి ఎవడో అడిగితె, "ఒట్టువెట్టింది పాత గొంతు. దాన్నే అడుగుపో" అన్నడంట పంతులు.

గని నాకు ఇష్టమైంది అది గాదు. ఆ రాత్రి దేవిడిల జరిగింది ఇంక జరంత ఉన్నది.

పంతులు వాకిట్లనే కూలవడ్డడు. సిగ్గు, కోపం, ఏడుపు — మూడు ఒక్కసారే వచ్చినయి ఆయనకు. ఊరంత ముందట ఏడాదికేడాది తప్పు చెప్పిండు. ఊరికి తెల్వలే. ఆయనకు తెల్వలే. ఇంట్ల ఆమెకు తెల్సు.

పంతులు ఆమె దిక్కు చూసిండు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే?"

రమాబాయి పప్పుగుత్తి కిందవెట్టి, కొంగుతోటి ఆయన మొఖం తుడిచింది.

"చెప్పిన. నవమి నవమికి, అన్నం వడ్డించుకుంట చెప్పిన. ఇంట్ల మైకు లేకపాయె."